కిందికి దించిన గీత

నేను పనిచేసేచోట మా అమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాంలే" అంటారు. అడిగినవాళ్లు ఆ సంగతి మరిచిపోయాక ఏదో ఒక పని అప్పజెబుతారు, ఆ పనిలోంచి జవాబు దానంతటదే బయటపడుతుంది. తెనాలిలో ఆమెను అందరూ విశాలాక్షి మేడమ్ అంటారు. మనస్తత్వశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లుగా మనసు కుదురులేనివాళ్ల ఎదుట కూర్చుని వాళ్లు చెప్పేది వింటున్న మనిషి. నా పేరు నాగరత్నం. ఆమె దగ్గర పద్నాలుగేళ్లుగా తలలకు తీగలు అంటించే పని నాది. తలస్నానం చేసి, నూనె పెట్టుకోకుండా రండని ఎంత మొత్తుకున్నా, మెదడుకి వైద్యమట కదా, చల్లగా ఉండాలని గిన్నెడు కొబ్బరినూనె దట్టించుకుని వస్తారు. తీగలు జారిపోతుంటే పైకి నవ్వుతూ లోపల తిట్టుకుంటాను.

మేం చేసేది న్యూరోఫీడ్‌బ్యాక్. పేరు చూసి హడలిపోనక్కర్లేదు. తల మీద రెండు మూడు చోట్ల తీగలు అంటిస్తాం. మెదడులో పుట్టే సన్నటి కరెంటును అవి పట్టుకుంటాయి. ఎదురుగా తెర మీద ఒక పడవ ఉంటుంది. మనసు నిమ్మళించినప్పుడు వచ్చే అలలు మేం పెట్టిన గీతను దాటితే పడవ కదులుతుంది, దాటకపోతే ఆగిపోతుంది. మాత్ర లేదు, సూది లేదు, షాకు అసలే లేదు. తీగలు వింటాయి తప్ప లోపలికేమీ పంపవు. పడవను చూస్తూ చూస్తూ మెదడు తన దారి తాను పట్టుకుంటుందని ఆశ. కొందరికి పట్టుబడుతుంది, కొందరికి పట్టుబడదు. అమ్మగారు ఈ రెండో ముక్క కూడా మొదటిరోజే చెప్పేస్తారు. అది విని సగంమంది మెట్లు దిగి వెళ్లిపోతారు.

అలా దిగిపోయేవాళ్లను చూడలేకే శశాంక్ ఒకరోజు ఒక ప్రశ్న అడిగాడు. ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఏడాదిపాటు పని నేర్చుకుందామని మా దగ్గర చేరిన కుర్రాడు. తెలివైనవాడు, మెత్తనివాడు, కాస్త తొందరమనిషి.

"అమ్మగారూ, 'మందుల్లేని వైద్యం' అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయిద్దామండీ. అబద్ధమేం కాదు కదా! మీరెందుకు ఒప్పుకోరు?"

"చూద్దాంలే," అన్నారు అమ్మగారు. "ముందు కరిముల్లాగారి సంగతి నువ్వు చూసుకో."

షేక్ కరిముల్లాగారు నాదస్వర విద్వాంసుడు. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆయన మేళమంటే ఒక గౌరవం. మూడు నెలల కిందట రేపల్లెలో ఒక పెళ్లి. మంగళసూత్రం కట్టే వేళ, ఇక గట్టిమేళం ఎత్తుకోవాలనగా, ఆయనకు ఒక్కసారిగా ఊపిరందలేదు. గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ప్రాణం పోతోందనుకున్నారు. డోలువాళ్లు గట్టిగా వాయించి ఎలాగో గండం గట్టెక్కించారు. గుండె పరీక్షలన్నీ చేయించారు, గుండె రాయిలా ఉంది. ఇది గాభరా జబ్బని తేల్చి మానసిక వైద్యులు మాత్రలు ఇచ్చారు. మాత్రలు పనిచేశాయి కూడా. కానీ వాటితో నోరు ఎండిపోయేది. నోట్లో తడి లేకపోతే నాదస్వరం పలకదు. "జబ్బుకు మందేస్తే వాద్యం పోతోంది, వాద్యం కోసం మందు మానితే ఊపిరి పోతోంది. నేనేం చేసేదమ్మా?" అని ఆయన మా గదిలో కూర్చుని అడిగారు.

వైద్యులే ఆయన్ను మా దగ్గరికి పంపారు. షరతు ఒకటి పెట్టారు. వారం వారం మా కాగితం చూస్తారు, అందులో పడవ ఎంతసేపు కదిలిందో చెప్పే అంకె మెరుగుపడుతున్నకొద్దీ మాత్ర కొంచెం కొంచెం తగ్గిస్తారు. తమకు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానకూడదు. శ్రావణమాసంలో పెద్ద పెళ్లి ఒకటి ఒప్పుకుని ఉన్నారాయన. దానికి ఐదు వారాలుంది. ఆ పెళ్లిలో వాయించగలిగితే వాయించినట్టు, లేకపోతే ఈ జన్మకింతేనని ఆయన తనకు తానే గిరి గీసుకున్నారు.

మొదటి వారం పడవ కదిలితే ఒట్టు. కూర్చున్న సమయంలో నూటికి ఎనిమిది పాళ్లు కదిలింది, అంతే. కచేరీలో ఎదుటివాడిని ఓడించడానికి కూర్చున్నట్టు కూర్చునేవారాయన. పళ్లు బిగపట్టి, తెరను గుచ్చి గుచ్చి చూసేవారు. ఎంత పట్టుబడితే పడవ అంత మొండికేసేది. మూడో వారం చివర ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, "నా బుర్ర ఇక దేనికీ పనికిరాదా బాబూ?" అని శశాంక్‌ను అడిగారు.

ఆ మాటకు కుర్రాడు కరిగిపోయాడు. మర్నాడు గీతను కాస్త కిందికి దించాడు. పడవ కొంచెం కదిలింది. ఆ మర్నాడు ఇంకాస్త దించాడు. నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను, ఎందుకంటే కరిముల్లాగారు నవ్వడం నేనూ మొదటిసారి చూశాను. నాలుగో వారం మొదట్లో అంకె ఎనభై రెండుకు చేరింది. ఆ రోజు ఆయన మా అందరికీ వేడివేడి జిలేబీ తెచ్చిపెట్టారు. సిగ్గులేకుండా నేనూ రెండు చుట్లు తిన్నాను.

శనివారం పొద్దున వైద్యులకు పంపాల్సిన కాగితం శశాంక్ అమ్మగారి ముందు పెట్టాడు. ఆమె ఆ ఎనభై రెండును చూశారు, గీత ఎక్కడుందో కంప్యూటర్లో చూశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండును.

"రత్నం, నీ సంచిలో ఏముంది?"

"సొరకాయండీ. వస్తూ వస్తూ బజార్లో కొన్నాను."

"ఇటు పట్రా."

దాన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, పడిపోకుండా అటూ ఇటూ దిండ్లు సర్దారు. "తీగలు అంటించు," అన్నారు. నాకు నవ్వాగలేదు. పద్నాలుగేళ్ల సర్వీసులో నూనె లేని తల అదొక్కటే! అంటించాను. "శశాంక్, కరిముల్లాగారికి పెట్టిన గీతే పెట్టు," అన్నారు. పెట్టాడు.

పడవ కదిలింది. ఆగుతూ ఆగుతూనే అయినా హాయిగా సాగిపోయింది. గోడల్లో పారే కరెంటు తీగల్లోకి చొరబడినా చాలు, ఆ గీత దాటేస్తుంది. అంత కిందికి దించాడు మహానుభావుడు. ఐదు నిమిషాలకు సొరకాయకు డెబ్భై నాలుగు వచ్చింది. శశాంక్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరికమ్మా ఆ వైద్యం?" అని వెనకనుంచి వినబడింది. గుమ్మంలో కరిముల్లాగారు నిలబడి ఉన్నారు. తెరనూ చూశారు, కుర్చీనీ చూశారు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. అమ్మగారు గబగబా ఎదురువెళ్లి, "ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు.

"మాత్ర మానేసి నాలుగు రోజులైందమ్మా. ఎనభై రెండు వచ్చింది కదా, ఇంకెందుకనుకున్నా. రెండు రాత్రుల నుంచి కన్ను మూతపడలేదు. పొద్దున మళ్లీ ఊపిరి..." అని ఆగిపోయారు.

అమ్మగారు శశాంక్ వైపు చూశారు. చెప్పాల్సింది వాడే. చెప్పాడు. గీత దించానని, పడవ కదిలింది ఆయన వల్ల కాదని, ఆయన బాధ చూడలేక చేశానని, తలదించుకుని మొత్తం చెప్పాడు. నాకూ తెలుసని నేనూ ఒప్పుకున్నాను.

కరిముల్లాగారు తెర మీది పడవను మరోసారి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నా దగ్గర పదహారుమంది పిల్లలు నేర్చుకున్నారు బాబూ. శ్రుతిలో పడనివాడిని పడ్డావురా అని ఒక్కనాడూ అనలేదు. వాడు ఏడ్చినా అనలేదు. నువ్వు నన్నెందుకురా అలా అన్నావు?"

శశాంక్ ఏడ్చేశాడు. అమ్మగారు అప్పటికే వైద్యులకు ఫోను చేస్తున్నారు. ఆయన ఫోనులోనే కరిముల్లాగారికి నాలుగు చీవాట్లు పెట్టి, మాత్ర పాత మోతాదులోనే ఆ రోజే మళ్లీ మొదలుపెట్టమని, సోమవారం వచ్చి కనబడమని చెప్పారు. ఆ మాత్రను కరిముల్లాగారు మా ఎదుటే వేసుకుని, మంచినీళ్లు తాగి, కాసేపు ఊపిరి కుదురుకున్నాక వెళ్లి కుర్చీలోంచి సొరకాయను తీసి నా చేతికిచ్చారు. తానే కూర్చున్నారు. "గీత ఎక్కడుండాలో అక్కడ పెట్టు," అన్నారు.

ఆ రోజు ఆయన పళ్లు బిగపట్టలేదు. ఓపిక లేకనో, ఓడిపోయాననుకునో, కుర్చీలో వెనక్కి వాలి ఊరికే చూస్తూ కూర్చున్నారు. పడవ చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఒకసారి కదిలి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. ఇరవై నిమిషాలయ్యేసరికి పదకొండు. ఆయన ఆ అంకెను చూసి తలూపారు. "పెళ్లికి మా బావమరిది ముందుండి వాయిస్తాడమ్మా. నేను పక్కన కూర్చుని శ్రుతి చూసుకుంటా," అని లేచారు. ఇరవై రెండేళ్లు మేళానికి ముందు కూర్చున్న మనిషి ఆ మాట అంటుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మెట్లు దిగేదాకా శశాంక్ ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

తిరిగొచ్చి పాత కాగితం చింపేశాడు. బోర్డు మాట మళ్లీ ఎత్తలేదు. కొత్తది ముందుపెట్టుకుని, కలం పట్టుకుని ఎంతసేపటికీ రాయడు. చివరికి అన్నాడు. "అమ్మగారూ, పదకొండని రాస్తే మాత్ర ఇప్పట్లో తగ్గించరండీ. ఆయన వాద్యం ఏమైపోతుంది?"

అమ్మగారు అప్పటికి సొరకాయకు అంటిన జిగురును గుడ్డతో తుడుస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు.

"ఎనభై రెండూ నువ్విచ్చినవి. ఈ పదకొండూ ఆయనవి. ఆయనవి రాయి."