ఆకు పెట్టిన నూకాలు

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు, మన తాతలకు తాతలు కూడా పుట్టనప్పటి సంగతి. రంగవరమనే పట్నంలో నూకాలనే ముసలమ్మ ఉండేది. తమలపాకులు అమ్ముకుని బతికేది. ఆ పట్నంలో పున్నమి పున్నమికీ సాయంత్రం పూట కవులంతా దివాణం చావడిలో గోష్ఠికి కూర్చునేవారు. కవుల నోరు ఊరుకోదు కదా, పద్యం లేనప్పుడు తాంబూలం ఉండాలి. ఆ ఆకులు నూకాలే ఇచ్చేది. ఇచ్చి, గడప అవతల కూర్చుని చివరిదాకా వినేది.

నూకాలుకి ఒక కూతురుండేది, ముత్యాలని. అయిదో ఏట అమ్మవారు పోసి పోయింది. నూకాలు మొగుడూ పోయాడు. ఆ పిల్లమీద నూకాలు ఒక పాట కట్టుకుంది. పిల్ల నడక, పిల్ల అలక, పిల్ల నవ్వు, అన్నీ అందులో పెట్టుకుంది. ఏళ్ళ తరబడి తనలో తనే పాడుకుంది. కాళ్ళు తడబడే వయసొచ్చాక దిగులు పట్టుకుంది.

"నానున్నన్నాళ్ళూ నా పిల్లని తలుసుకుంటాను. నాను పోతే దాన్ని తలిసేవోళ్ళెవులే?" అంది పక్కింటి సన్నాసమ్మతో. "గోష్ఠిలో పాడితే ఆ బాబులు తాటాకు మీద రాసుకుంటారు. రాసుకున్నది పోదంట."

"మరి అడగరాదేటి?" అంది సన్నాసమ్మ.

"అడగక్కర్లేదే. ఆకు పెడితే ఆళ్ళే పిలుస్తారు."

నిజమే, అక్కడి పద్ధతి అదే. పాడదలచినవాళ్ళు పళ్ళెంలో తమలపాకు పెట్టాలి. గోష్ఠి పెద్ద కూర్మయ్య శాస్త్రి ఒక్కో ఆకూ తీసి పేరు పిలుస్తాడు. అయితే ఆకుమీద గోటితో పేరు గీసి ఉండాలి. పేరున్న ఆకుకి పిలుపు, పేరు లేని ఆకు నోట్లోకి. గడప అవతల కూర్చున్నదానికి ఆ గోటిగీతలేం కనిపిస్తాయి? కనిపించినా చదువొచ్చా దానికి? ఒక్కరైనా చెప్పాలి కదా. చెప్పలేదు.

పున్నమి వచ్చింది. నూకాలు ఉతికిన చీర కట్టుకుంది. బుట్టలోకెల్లా లేత ఆకు ఏరింది. పళ్ళెంలో పెట్టి గడప దగ్గర కూర్చుంది. శాస్త్రి ఆ ఆకు తీశాడు. నూకాలు కొంగు సర్దుకుని లేవబోయింది. ఆయన ఆకుకి సున్నం రాశాడు, వక్క పెట్టాడు, నమిలేశాడు.

ఈసారికి కాదు కాబోలు అనుకుని ఇంటికెళ్ళింది.

రెండో పున్నమి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, లేత ఆకు పెట్టింది. ఆయన సున్నం రాశాడు, వక్క పెట్టాడు, నమిలేశాడు. "ఆకు భలే లేతగా ఉందే నూకాలూ" అన్నాడు కూడా, మహానుభావుడు. మెచ్చుకున్నాడంటే ఇంకోసారి పెట్టి చూడమనేమో అనుకుంది పిచ్చిది.

మూడో పున్నమికి ఒళ్ళు కాలిపోతోంది. అయినా గోడలు పట్టుకుంటూ వచ్చింది. ఆకు పెట్టింది. సున్నం రాశాడు, వక్క పెట్టాడు, నమిలేశాడు. నూకాలు ఆ రోజు చివరిదాకా వినలేదు. లేచి వెళ్ళిపోయింది.

"ఏటయింది?" అంది సన్నాసమ్మ.

"కాదన్నారే. ముమ్మారూ నమిలీసినారు. పెద్దోళ్ళకి ఇనకుండానే తెలిసిపోద్ది కాబోలు."

"ఆళ్ళ మొహం. నాకు పాడు, నాను నేర్సుకుంటాను."

"ఆళ్ళొద్దన్న పాట నీకెందుకులే" అని నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత ఆ పాట ఎత్తలేదు. తనలో తను కూడా పాడుకోలేదు. తొమ్మిదోనాడు ప్రాణం పోయింది.

మళ్ళీ పున్నమికి ఆకుల బుట్ట సన్నాసమ్మ తెచ్చింది.

"నూకాలేదీ?" అన్నాడు శాస్త్రి, ఆకు ఒకటి అందుకుంటూ.

"పోయింది బాబూ. పిల్ల పాట పాడుకుందామని మూడు పున్నాలు ఆకెట్టింది. మీరు నమిలీసినారు."

శాస్త్రి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"దానిమీద పేరు లేదమ్మా" అన్నాడు.

"దానికి రాయడం వొచ్చేటి బాబూ?"

శాస్త్రి మళ్ళీ తాంబూలం ముట్టలేదు. ఆ పాట కోసం ఆకుతోటల్లో అడిగాడు, సంతలో అడిగాడు, వాడవాడా తిరిగి అడిగాడు. ఎవరికీ ఒక్క ముక్క రాదు. సన్నాసమ్మ చెప్పగలిగింది పిల్ల పేరొక్కటే.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో నలుగురూ పాటలకి కూర్చుంటే, ముందు పళ్ళెంలో పేరు లేని ఆకు ఒకటి పెడతారు. పెద్దమనిషి దాన్ని పైకెత్తి "ఇదెవరిది?" అని మూడుసార్లు అడుగుతాడు, గడప అవతలివాళ్ళకి కూడా వినపడేలా. ఎవరైనా లేస్తే మొదటి పాట వాళ్ళదే. ఎవరూ లేవకపోతే, ఒక పాట పాడేంతసేపు అందరూ మాట్లాడకుండా కూర్చుంటారు. పిల్లలు గోల చేశారనుకోండి, తల్లులు దగ్గరకి లాక్కుని మెల్లగా చెబుతారు: "ఊరుకో నాన్నా, ముత్యాలు పాట అవుతోంది."