బొల్లి అడిగిన గంట

గుట్ట కింద దొడ్డిలో మేకలూ గొర్రెలూ కలిసే బతికేవి. ఎండాకాలం వస్తే గుట్ట అవతలి మడుగు ఒక్కటే వాటికి దిక్కు. ముందు నడిచే మేకకు మెడలో గంట, ఆ మోత వెనకాల మందంతా. ఆ గంట కొమ్ములయ్యది. వాళ్ళ నాయన కట్టుకున్నదీ అదే, ఆయన నాయన కట్టుకున్నదీ అదే.

కొమ్ములయ్య నడక చూడాలి. తల ఆకాశంలో, గడ్డం గాలిలో. దారి మాత్రం వెనకాలే నడిచే ఆడమేక బొల్లి నోట్లో ఉండేది. "ఎటే?" అని అతను పళ్ళ సందున అడిగేవాడు. "ఎడమకి మామా, తుమ్మచెట్టు దాటి వంకలోకి దిగు," అని ఆమె గొణిగేది. ఇంటికి చేరాక మెచ్చుకోళ్ళన్నీ మామకే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఏళ్ళ తరబడి ఇదే తంతు. బొల్లికి విసుగొచ్చింది. విసుగొక్కటే అయితే ఊరుకునేదేమో, ఆ గంట తన మెడలో మోగితే వినాలన్న ఆశ కూడా పుట్టింది. ఒకరోజు పెద్దల ముందు నిలబడి అడిగేసింది.

"ఈసారి గంట నాకు కట్టండి. దారి నాకు తెలుసు."

పొట్టేలు పెద్ద నెమరు ఆపాడు. "గడ్డం ఉన్నవాళ్ళకే గంటమ్మా. అది మన ఆచారం."

"నాకూ ఉంది కదా పెదనాన్నా," అని బొల్లి మెడ చాచింది.

నిజమే, ఉంది. కొమ్ములయ్య గడ్డం కంటే నాలుగు వెంట్రుకలు ఎక్కువే ఉంది. పొట్టేలుకి ఇబ్బందైపోయింది. ఆయనకసలు గడ్డమే లేదు మరి. "ఆడదాని గడ్డం లెక్కలోకి రాదు," అని తేల్చేశాడు.

"ఆ బరువు నీ మెడ మోయలేదే పిల్లా," అన్నాడు కొమ్ములయ్య. "పాలిచ్చుకో, పిల్లల్ని చూసుకో. దారి సంగతి మగవాళ్ళకొదిలెయ్."

బొల్లికి కడుపు మండింది. పైకి మాత్రం తల ఊపింది. "సరే మామా, నువ్వే ఉంచుకో. కానీ ఒక్క మాట. అంత గంట కట్టుకుని ఆడదాన్ని దారి అడిగితే నలుగురూ నవ్వరూ? ఇకమీదట అడగనని పెద్దల ముందు చెప్పు."

అందరూ వింటున్నారాయె. "నేనెప్పుడడిగాను?" అన్నాడు కొమ్ములయ్య. "ఇకముందూ అడగను. అడిగితే ఈ గంట నీదే."

మర్నాడు తల్లులంతా పిల్లలకు కడుపునిండా పాలిచ్చి దొడ్డిలోనే పడుకోబెట్టారు. ఎందుకని మగవాళ్ళెవరూ అడగలేదు. ఆడవాళ్ళ పనులు వాళ్ళకెందుకు?

గంట మోగింది, మంద కదిలింది. తుమ్మచెట్టు దగ్గర కొమ్ములయ్య అలవాటుగా వెనక్కి తిరగబోయి, ఏదో దురద పుట్టినట్టు మెడను మానుకేసి రుద్దుకున్నాడు. తర్వాత కుడికి తిరిగాడు. గొర్రెలు ఆలోచించకుండా తిరిగాయి. మేకలు ఆలోచించి మరీ తిరిగాయి. బొల్లి అన్నిటికంటే వెనక, కంపచెట్ల చివుళ్ళు కొరుక్కుంటూ, నోరు మెదపకుండా వచ్చింది.

ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నాలుకలు బయటికొచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎదురుగా ఓ కంచె కనిపించింది.

"అదిగో, ఎవరిదో దొడ్డి. నీళ్ళెక్కడో అడుగుదాం," అన్నాడు కొమ్ములయ్య ధీమాగా.

లోపల్నుంచి ఓ మేకపిల్ల తొంగి చూసింది. "తాతా, అప్పుడే వచ్చేశారా?"

ఆ దాహంలో ఎవరికీ నవ్వు కూడా రాలేదు. పొట్టేలు పెద్ద కొమ్ములు దించాడు. "మడుగేదిరా, కొమ్ములయ్యా?"

కొమ్ములయ్య గుట్టవైపు చూశాడు, ఆకాశంవైపు చూశాడు. చివరికి నేల చూపులు చూస్తూ, ఈసారి అందరికీ వినపడేలా అడిగాడు. "బొల్లీ, ఎటే?"

"అడిగేశావు మామా," అంది బొల్లి. "మెడలో గంట పడితే గానీ, ఈ పాలిచ్చుకునేదానికి దారి గుర్తు రాదు."

కంచెమీద కూర్చుని ఇదంతా చూస్తున్న కోతి ఒకటి ఎవరూ పిలవకుండానే దిగొచ్చి, ఆ మెడ తాడు విప్పి ఈ మెడకు కట్టింది.

పొద్దు వాలకముందే మంద మడుగులో మూతులు ముంచింది. అందరికంటే ముందు తాగింది పొట్టేలు పెద్దే. తాగి, గడ్డంలేని మూతి దులుపుకుని, "అయినా గంట కట్టేది మెడకు గానీ గడ్డానికి కాదు గదా," అన్నాడు.

ఆ పిల్లకు దారి నేర్పింది తానేనని కొమ్ములయ్య ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటాడు. ముందు మోగే గంటకి ఆ మాట ఎవరికీ వినపడదు.

నీతి: గడ్డం చూసి గంట కడితే, మంద దొడ్డి చుట్టూనే తిరుగుతుంది.