బుర్రావారి ఒక్క మాట

తెలివి ఇంట్లో పట్టక వీధి అరుగు మీద ఆరబోసుకునే కుటుంబం ఒకటుంది మా తుమ్మలమెట్టలో. ఇంటిపేరు బుర్రా. "పేరులోనే ఉంది కదండీ, ఇంక వేరే చూపించాలా?" అంటాడు పెద్దవాడు అప్పలకొండ. వాన వస్తే కొత్త చొక్కా తడిసిపోతుందని విప్పి, దానికి గొడుగు పట్టి, తను పక్కన తడుస్తూ నడిచే మనిషాయన. వాళ్ళమ్మ నూకాలమ్మ, పెళ్ళాం పైడమ్మ ఆయన్ని చూసి మురిసిపోని రోజు లేదు.

ఆయన తమ్ముడు గవరయ్య. మంచివాడు, కష్టపడేవాడు, కానీ పెళ్ళీడు దాటిపోతోంది. ఆ ఇంట్లోకి పిల్లనివ్వడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి? ఎట్టకేలకు పక్క ఊరి బంగారునాయుడు గారు సరేనన్నారు. ఆయన కూతురు వరహాలు మాత్రం, "వాళ్ళొచ్చి నన్ను చూడ్డం కాదు, నేనే వెళ్ళి ఆ ఇల్లూ ఆ మనుషులూ ఎలాంటివో చూస్తాను" అంది. సంబంధం తెచ్చిన పేరయ్య ఊరుకోక, "నాయుడు గారికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళంటే మహా గౌరవం సుమండీ" అని ఒక ముక్క విసిరి పోయాడు.

ఇంకేముంది! గవరయ్య గుండెల్లో రాయి పడింది. "అన్నా, ఇది కూడా తప్పిపోతే నాకింక పెళ్ళి లేదు" అని ఏడుపు మొహం పెట్టాడు.

"నేనుండగా నీకెందుకురా బెంగ?" అని అప్పలకొండ పట్నం బస్సెక్కాడు. ఇంగ్లీషు నేర్పే మేష్టారి ముందు సంచీ తెరిచి పట్టుకుని, "సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. ఈలోపు ఇంగ్లీషు మొత్తం కట్టిచ్చెయ్యండి" అన్నాడు.

మేష్టారు ఎగాదిగా చూసి నవ్వాపుకున్నాడు. "అంత తొందరైతే ఒక్క మాట పట్టుకెళ్ళు నాయనా. సెట్! దీనికున్నన్ని అర్థాలు ఇంకో మాటకుండవు. పెట్టడం సెట్టే, సర్దడం సెట్టే. పొద్దు గూకినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే. విరిగిన ఎముక కూర్చి కట్టినా సెట్టే, నిప్పంటించినా సెట్టే. ఈ ఒక్కటుంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు ఫో."

అక్కర్లేదన్నాడా, అంతే. అక్కర్లేని మాటలు బుర్రావారింట్లో ఎందుకుంటాయి? అప్పలకొండ ఇంటికొస్తూనే కట్టడి చేశాడు. "రేపు పొద్దున్నించి ఈ ఇంట్లో సెట్ తప్ప ఇంకో మాట వినపడకూడదు. నేను చాలు అనేదాకా అంతే. నోరు జారినవాళ్ళకి రేపు చుట్టాల కోసం వండే గారెలు లేవు."

"ఆకలేస్తే ఏమనాలిరా?" అంది నూకాలమ్మ.

"సెట్."

"కడుపు నిండితే?"

"సెట్."

"మరి ఏది ఏదో నీకెలా తెలుస్తుందిరా అయ్యా?"

"ఇంగ్లీషొచ్చినవాడికి తెలుస్తుందే అమ్మా!" అన్నాడు. ఆవిడ కొడుక్కి దిష్టి తీసింది.

తెల్లారింది. పైడమ్మ వాకిట్లో కొత్త చాపలు చూపించి మరిదితో "సెట్" అంది. చుట్టాలకి పరవమని ఆవిడ ఉద్దేశం. గవరయ్యకి అన్న చెప్పిన అర్థాల్లో ఆఖరిదే, నిప్పంటించడమే, గుర్తుంది. అంతే, అగ్గిపుల్ల గీశాడు. చాపలు భగ్గుమన్నాయి. పైడమ్మ గుండెలు బాదుకుంటూ "సెట్! సెట్!" అని అరిచింది. వదినగారు మెచ్చుకుంటున్నారనుకుని ఆ మహానుభావుడు లోపల్నించి పరుపు కూడా తెచ్చి మంటలో వేశాడు.

ఆ పొగలోనే దగ్గుకుంటూ ఆటో దిగారు నాయుడు గారూ, వరహాలూ.

"ఏమండీ, ఇల్లు గానీ అంటుకుందా?" అన్నాడు నాయుడు.

"సెట్" అన్నాడు అప్పలకొండ, వంగి నమస్కారం పెట్టి.

"పొలం ఏమాత్రం ఉంది?"

"సెట్."

"అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"సెట్."

నాయుడికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాదని బయటపడితే పరువు తక్కువ కదా! "ఓహో, సెట్టా! భేష్!" అని తలాడించాడు. వరహాలు అందరి మొహాలూ చూసి, నవ్వొస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయుడు పెరడు చూస్తానని బయల్దేరాడు. పెరట్లో పెంటగొయ్యి, దాని మీద ఎండుగడ్డి కప్పి ఉంది. "ఆగండి బాబూ, గొయ్యి!" అంటే సరిపోయేది. అనబోతే అప్పలకొండకి గారెలు గుర్తొచ్చాయి. "సెట్! సెట్!" అని కేకేశాడు. "అలాగే, అలాగే" అని నాయుడు ఇంకా హుషారుగా అడుగేశాడు. ధబ్! నడుం లోతు పేడలో ఉన్నాడు పెద్దమనిషి.

"లాగండ్రా నాయనా! కాలు విరిగిపోయింది!"

లాగారు. కాలు వాచిపోయింది. ఇదిగో, అప్పలకొండ బుర్ర ఇక్కడ చూడాలి మీరు! ఎముక కట్టినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే అన్నాడు కదా మేష్టారు. మాట ఒకటే అయినప్పుడు మందు మాత్రం రెండెందుకు? పెళ్ళానికి సైగ చేశాడు. పైడమ్మ గోరువెచ్చని పాలు కుండతో తెచ్చింది. నూకాలమ్మ అందులో పుల్లమజ్జిగ చుక్కేసింది. నాయుడి కాలు కుండలో పెట్టి, గోనె కప్పి, కదిలితే తోడుకోదని గవరయ్యని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టారు.

"చచ్చానురా! లేవరా!"

"సెట్" అన్నాడు గవరయ్య ఊరడింపుగా.

వరహాలు ఇంక పట్టలేకపోయింది. గవరయ్యని రెక్క పట్టుకుని లేపింది. తండ్రి కాలు తుడిచి, తువ్వాలు గట్టిగా చుట్టి, "బెణికిందంతే నాన్నా" అని ఆటో ఎక్కించింది. తర్వాత గవరయ్య వైపు తిరిగింది.

"మీవాళ్ళ సంగతి నాకర్థమైపోయింది. నీ సంగతే తేలలేదు. నాన్నని గోతిలోంచి లాగేటప్పుడు నీ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. నన్ను చేసుకోవడం ఇష్టమా, కాదా? మన మాటలో చెప్పు."

గవరయ్య నోరు తెరిచాడు. అన్న కళ్ళురిమాడు. వంటింట్లోంచి గారెల వాసన గుప్పుమంది. "సెట్" అన్నాడు, పాపిష్టివాడు. వరహాలు మొహం చిన్నబోయింది. "పోనివ్వు బాబూ" అంది ఆటో అతనితో.

ఆటో వీధి మలుపు దాకా వెళ్ళింది. అప్పుడు తన్నుకొచ్చింది గవరయ్యకి ఏడుపు. "ఇష్టమే! ఇష్టమే వరహాలూ! గారెలు పోతే పీడాపోయె, నువ్వు పోవద్దు!" అంటూ వెనకాల పరిగెత్తాడు.

ఆటో ఆగింది. "ఎక్కు. గారెలు నేను వండిపెడతాను" అంది వరహాలు. "కాపురం మాత్రం మా ఊళ్ళోనే."

"నా ఒళ్ళో కూర్చోనంటే నాకూ ఇష్టమే" అన్నాడు నాయుడు. గవరయ్య ఎక్కి, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇక అప్పలకొండ ఆనందం చూడాలి! తమ్ముడి పెళ్ళి కుదిరింది, పైగా తమ్ముడి వాటా గారెలు మిగిలాయి. అరిటాకు కోసుకుందామని పెరట్లోకి ఒక్క పరుగు తీశాడు. గొయ్యి మీద గడ్డి నాయుడితో పాటే లోపలికి పోయింది, గొయ్యి నోరు తెరుచుకునే ఉంది. ధబ్!

"సెట్! సెట్!" అని చేతులెత్తి అరిచాడు. అత్తాకోడళ్ళు పరిగెత్తుకొచ్చి తొంగిచూశారు. పెళ్ళి కుదిరిన సంబరంలో గంతులేస్తున్నాడనుకుని, "సెట్! సెట్!" అంటూ చప్పట్లు కొట్టారు. లాగండే అని ఒక్క మాట అనొచ్చు, కానీ గారెలు పోతాయి. చాలు అని కట్టడి ఎత్తేద్దామంటే, ఆ చాలు అన్నా గారెలు పోయినట్టే!

వాళ్ళు లోపలికెళ్ళి కడుపు నిండా గారెలు తినొచ్చారు. ఆయనింకా సెట్ సెట్ అంటూనే ఉన్నాడు. అప్పటికి అర్థమైంది పైడమ్మకి, మొగుడికేం కావాలో. గబగబా వెళ్ళి పుల్లమజ్జిగ గిన్నె తెచ్చి ఆయన నెత్తిన ఒంపి, గొయ్యి మీద గోనె కప్పింది.

అప్పలకొండ ఇంక అరవలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కదిలితే తోడుకోదు కదా.