జీపు నెత్తిన ఆరు లైట్లు

మన్యంలోని గుమ్మలూరులో పోలినాయుడు అనే జీపు డ్రైవరు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తను ఏం చేసినా నలుగురూ నోరెళ్లబెట్టి చూడాలన్న పిచ్చి ఒకటి ఉండేది. హారను కొంటే పక్క కొండకు వినపడేది కొనేవాడు. సీట్లకు ఎర్ర మఖమలు తొడుగులు వేయించాడు కానీ, వాటి కింద విరిగిన స్ప్రింగులు మాత్రం మార్పించలేదు.

ఆ ఏడు చలికాలం రాకముందే జీపు లైట్లు బాగా మసకబారాయి. ఆ ఊరి నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు మీద తెల్లవారుజామున మంచు కమ్మిందంటే రోడ్డెక్కడో లోయెక్కడో తెలిసేది కాదు. అందుకని పోలినాయుడు మూడు వేలు కూడబెట్టి ఖాదర్ మేస్త్రీ షెడ్డుకు వెళ్లాడు. ఖాదర్ ముప్పై ఏళ్లుగా బళ్ల కరెంటు పని చేస్తున్నవాడు. అదే సమయానికి చిలకమ్మ కూడా తన సరుకుల ఆటో తీసుకుని అక్కడికి వచ్చింది. రోజూ చీకటితో లేచి కూరగాయల బస్తాలు కింద సంతకు దింపడం ఆమె పని. ఆమె దగ్గర ఉన్నదీ ఆ మాత్రం డబ్బే.

మేస్త్రీ రెండు బళ్ల లైట్లూ ఊడదీసి చూశాడు.

"రెంటికీ ఒకటే జబ్బు. లోపల మెరుపు పూత నల్లబడింది. వైర్లు పాడై సగం కరెంటు దారిలోనే పోతోంది. లైట్లేమో రోడ్డును వదిలేసి చెట్ల కొమ్మల్ని చూస్తున్నాయి. లావు వైరు కొత్తది లాగుతాను, లైట్లను రోడ్డు మీదికి వంచుతాను. బంపరు కింద పాత బండివి రెండు పసుపు లైట్లు బిగిస్తాను. మంచులో వెలుగు నేలను పట్టుకుని పోవాలి. మీరు తెచ్చిన డబ్బు సరిపోతుంది" అన్నాడు.

"అలాగే కానియ్యి మేస్త్రీ" అంది చిలకమ్మ.

పోలినాయుడు మాత్రం మొహం చిట్లించాడు. "ఇంత పోసి వైర్లు కొంటే ఎవడికి కనిపిస్తాయి మేస్త్రీ? బంపరు కింద లైట్లను ఎవడు వంగి చూస్తాడు?"

"చూడాల్సింది నువ్వు నాయుడూ!" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట అతని చెవికెక్కలేదు. మర్నాడే పట్నం వెళ్లి, ఆరు పెద్ద తెల్ల లైట్ల వరుస ఒకటి కొని జీపు పైకప్పు మీద బిగించుకున్నాడు. కొట్టువాడు దాన్ని ఆ పాత వైర్లకే కలిపేశాడు. ఆ సాయంత్రం ఊళ్లోకి వస్తూ పోలినాయుడు మీట నొక్కాడు. అబ్బ! వీధి వీధంతా పట్టపగలైపోయింది! పిల్లలు కేకలు పెడుతూ జీపు వెంట పరుగెత్తారు. కోళ్లు తెల్లవారిందనుకుని కూశాయి. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పోలినాయుడు ఆనందం పట్టలేక వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

పది రోజుల తరవాత, ఇంకా తెలవారకముందే లైకోను అనే యువకుడు పోలినాయుడి తలుపు దబదబా బాదాడు.

"అన్నా! మా ఆవిడ సుందరికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వేరే ఊరికి వెళ్లిందట. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని నర్సమ్మ చెప్పింది. నువ్వే దిక్కు!"

"భయపడకు తమ్ముడూ! నా లైట్లుండగా నీకేం భయం?" అంటూ పోలినాయుడు ఒక్క ఉరుకున జీపెక్కాడు. సుందరిని వెనక పడుకోబెట్టారు. తల ఒళ్లో పెట్టుకుని లైకోను కూర్చున్నాడు.

మొదటి రెండు మలుపులూ జీపు దూసుకుపోయింది. మూడో మలుపు తిరగగానే మంచు ఎదురొచ్చింది. ఆరు లైట్ల వెలుగూ ఆ మంచుకు కొట్టుకుని వెనక్కి తిరిగి పోలినాయుడి కళ్లల్లోనే పడింది. ముందు తెల్లటి గోడ కట్టినట్టయింది! రోడ్డు లేదు, అంచు లేదు, ఏమీ లేదు. తల బయటికి పెట్టి చూస్తూ అడుగడుగునా బ్రేకు వేస్తూ దిగుతున్నాడు. ఇంతలో ఏదో కాలిన వాసన వచ్చింది. చిటపటమంది. పైనున్న ఆరు లైట్లూ, ముందున్న రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇంజనూ ఆగిపోయింది.

"ఏమైందన్నా?" అని అరిచాడు లైకోను.

పోలినాయుడు తాళం తిప్పాడు, ఇంజను కదల్లేదు. జీపు రోడ్డు మధ్యలో ఉంది. హారను నొక్కాడు, పలకలేదు. సరిగ్గా అప్పుడే పైనుంచి బండి చప్పుడు వినిపించింది. వచ్చే బండికి ఈ జీపు కనిపించదు. గుద్దిందంటే అందరూ లోయలోకే!

పోలినాయుడు కిందికి దూకాడు. మెడలో ఉన్న తువాలు తీసి గాలిలో ఊపుతూ, "ఆపండి! బండి ఆపండి! లోపల గర్భిణి ఉంది!" అని గొంతు చించుకుంటూ ఎత్తు మీదికి పరుగెత్తాడు. మంచులోంచి రెండు పసుపు వెలుగులు నేల వారగా పాకుతూ వచ్చాయి. అతని కాళ్లు కనబడగానే బండి కీచుమని ఆగింది. అది చిలకమ్మ ఆటో.

"ఏమైంది నాయుడన్నా?"

అతను రెండు ముక్కల్లో చెప్పాడు. చిలకమ్మ వెంటనే ఆటో దిగింది. ముగ్గురూ కలిసి టమాటా బస్తాలను రోడ్డు పక్కన పడేశారు. జీపును ఓరకు తోసి చక్రాలకు రాళ్లు పెట్టారు. ఆటోలో గోనెలు పరిచి, మఖమలు తొడుగులు పీకి వాటిపై వేసి సుందరిని పడుకోబెట్టారు. పోలినాయుడు ముందు సీటు అంచున కూర్చున్నాడు.

ఆటో కదిలింది. పోలినాయుడు రెప్ప వేయకుండా చూశాడు. ఆ వెలుగు పెద్దదేమీ కాదు. కానీ రోడ్డు అంచున వేసిన తెల్ల గీత, గుంత, మలుపు రాయి ఒక్కొక్కటే ముందుగా కనిపిస్తున్నాయి. ఎదురుగా పాలవ్యాను వచ్చింది. దాని డ్రైవరు కళ్లు చికిలించకుండానే తప్పుకుని వెళ్లిపోయాడు.

"ఇంకెంత దూరం చిలకమ్మా?"

"ఇంకో నాలుగు మలుపులు. గీత కనిపిస్తోందిగా, పోదాం!"

మంచు విడిపోయి కొండల మీద ఎర్రగా వెలుగు వచ్చేసరికి ఆటో ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. గంట తరవాత నర్సు బయటికి వచ్చి, "ఆడపిల్ల! తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం!" అంది. లైకోను ఎగిరి గంతేసి చిలకమ్మ కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆమె ఆపి అతని భుజం తట్టింది. పోలినాయుడు మాత్రం గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆ ఇద్దరి ప్రాణాలూ నా గొప్పకు బలి అయ్యేవి చిలకమ్మా" అన్నాడు.

"అవలేదుగా అన్నా. పద, నా బస్తాలు ఏ మేకలు తింటున్నాయో చూద్దాం" అంది చిలకమ్మ నవ్వుతూ.

ఆ వారంలోనే పోలినాయుడు ఆరు లైట్లూ ఊడదీసి అమ్మేశాడు. ఆ డబ్బుతో ఖాదర్ మేస్త్రీ చేత జీపుకు కొత్త వైర్లు వేయించాడు, లైట్లను రోడ్డు మీదికి వంపించాడు, బంపరు కింద రెండు పసుపు లైట్లు పెట్టించాడు. ఎవరైనా కొత్త డ్రైవరు లైట్ల గురించి అడిగితే, సిగ్గుపడకుండా ఆ ఉదయం జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

నీతి: చేతిలో ఉన్న కొద్ది డబ్బునూ ఇతరుల మెప్పు కోసం కాక, నిజమైన అవసరం కోసం ఖర్చు పెట్టేవాడే తనను నమ్ముకున్నవారిని క్షేమంగా గమ్యం చేరుస్తాడు.