సోడా తొట్టిలో పైమూత

జోగయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం తక్కువ. చేతికో సామాను అందించి, "ముందు ఇది కానియ్యి" అనేవాడు. భీమిలి ఒడ్డున ఆయన కార్ల షెడ్డులో పని నేర్చిన తాతారావు, సొంత షెడ్డు పెట్టుకున్నాక కూడా మనసు బాగోలేనప్పుడు గురువు దగ్గరికే వచ్చేవాడు. ఆ రోజు కుతకుత ఉడుకుతూ వచ్చాడు.

"నన్ను దొంగని చేసినవాణ్ణి వదిలెయ్యమంటారా గురువుగారూ? చెప్పండి."

అతని తమ్ముడు నూకరాజు అన్నతో మాటామాటా వచ్చి షెడ్డు విడిచిపోయి, 'మా అన్న పాత సామాన్లు బిగించి కొత్తవంటాడు' అని బజారంతా చాటాడు. అబద్ధం. ఆ సాయంత్రం మెకానిక్కుల సంఘం కూడుతోంది. తాతారావు ఒక్క మాటంటే నూకరాజును వెలేస్తారు. ఆ తీరంలో ఇక ఏ షెడ్డూ అతన్ని గడప తొక్కనివ్వదు.

"నిన్న మాట కలపడానికి నీ ఇంటికొచ్చాడట కదా?" అన్నాడు మేస్త్రి.

"వచ్చాడు. మొహం మీదే తలుపేశాను."

మేస్త్రి బల్లమీదున్న అల్యూమినియం మూత అతని చేతిలో పెట్టాడు. పాత కారు ఇంజను పైమూత అది. ఉప్పుగాలికి పొడిపొడిగా పొంగి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "శుభ్రం చెయ్యి. పోతే మళ్ళీ దొరకదు" అని లోపలికి పోయాడు.

తాతారావు గుడ్డతో తుడిచాడు, రాలేదు. గోటితో గీకాడు, రాలేదు. ఆ తెలుపులో తమ్ముడి మొహమే కనబడింది. "నీకిలా కాదురా" అంటూ, ఇనప సామాన్ల జిడ్డు వదలగొట్టే కాస్టిక్ సోడా తొట్టిలో పడేశాడు. అల్యూమినియాన్ని ఆ సోడా తినేస్తుందని, అందులో వెయ్యకూడదని అతనికి తెలియదా? ఆ తప్పు చేసిన పనివాళ్ళను చెడామడా తిట్టినవాడే. కోపం ముందు నడిచింది, తెలివి వెనకబడింది.

తొట్టి బుసబుస పొంగింది. పట్టకారుతో పైకి తీసేసరికి తెలుపు మచ్చుకైనా లేదు. మూత నల్లబడి, అంచులు చీమలు తిన్నట్టు గుంటలు పడి ఉంది. ఇక ఎంత బిగించినా ఆయిలు కారక మానదు.

బయటికొచ్చిన మేస్త్రి కళ్ళు నిప్పులయ్యాయి. "మచ్చ పోయింది. మరి మూతేదిరా?"

తాతారావూ తగ్గలేదు. "ఇంకెలా పోతుంది ఆ దరిద్రం? మీరే చెయ్యండి, చూస్తాను!"

మేస్త్రి అదే ఇంజను పక్కమూత తీశాడు. అదీ అంతే తెల్లగా ఉంది. సబ్బునీళ్ళతో కడిగి, చింతపండు గుజ్జు పట్టించి, మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా రుద్దాడు. కడిగాడు, మళ్ళీ రుద్దాడు. కోపంతో ఆయన దవడ అదురుతూనే ఉంది. చెయ్యి మాత్రం బరువు వెయ్యలేదు. ఎండలో ఆరబెట్టి, మళ్ళీ ఉప్పుగాలి తగలకుండా నూనెగుడ్డతో పలచగా పూత పెట్టాడు.

"మచ్చలింకా ఉన్నాయిగా" అని గొణిగాడు తాతారావు.

"ఉంటాయి. మూతా ఉంది."

సంఘం వేళయింది. తాతారావు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. పిడికిలి ఇంకా బిగిసే ఉంది. "నేనడిగినదానికి జవాబు చెప్పనేలేదు గురువుగారూ."

మేస్త్రి నల్లబడ్డ పైమూత తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకుపో. అక్కడ నోరు తెరిచే ముందు, నీ తమ్ముడు ఏ లోహమో ఒకసారి చూసుకో."