దివానుగారి సైకిలు సవారీ

విభవ నామ సంవత్సరం, తొలకరి రోజులు. పెదగాడి సంస్థానంలో చాపలు అల్లే సింహాద్రి, నాలుగేళ్ల కూతురు నూకాలును సైకిలు ముందు కూర్చోబెట్టుకుని, బజారులో కాలిబాట మీద మెల్లగా పోతున్నాడు. దివాను గోపీనాథరావు చేతికర్ర అడ్డం పెట్టాడు.

“కాలిబాట నడిచేవాళ్లది. చక్రమున్నది ఏదైనా రోడ్డు మీదే పోవాలి. ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే సైకిలు జప్తు చేయిస్తాను!”

సింహాద్రి పిల్లతో సహా సైకిలు దిగాడు. సైకిలు పోతే చాపలు సంతకు చేరవు. రోడ్డెక్కితే పిల్ల దక్కదు. ఇవాళ సంతరోజు, సాయంత్రమైంది; ఈ వేళకు బండివాళ్లంతా బండ్లలోనే నిద్రపోతారు, ఎడ్లే ఇంటిదారి పడతాయి.

“చిత్తం బాబూ. పిల్లతో రోడ్డు మీద ఎలా పోవాలో తమరొక్కసారి చూపిస్తే నేర్చుకుంటాను. పిల్ల బదులు, వెనక కట్టిన ఈ చాపచుట్ట ముందు పెట్టుకోండి.”

“పట్నంలో తొక్కినవాణ్ణిరా నేను!” అంటూ దివాను పంచె ఎగ్గట్టి రోడ్డెక్కాడు.

అంతలోనే ఎదురుగా బండి వచ్చింది. బండివాడు గురక పెడుతున్నాడు.

“తప్పుకోండి! దివాన్ని నేను!”

ఎడ్లు తలైనా ఎత్తలేదు. దివాను ఒక్క ఊపున కాలిబాట ఎక్కి, పెరుగమ్మే అచ్చియ్యమ్మ కుండను గుద్దుకుని పడ్డాడు.

“నీ సవారీ సంతకెళ్లా! నా పెరుగు బాబూ!” అని ఆమె లబోదిబోమంది.

సింహాద్రి దివానును లేపుతూ వినయంగా అడిగాడు. “బాబూ, ముందున్నది చాపే కదా, కాలిబాట ఎందుకెక్కారు?”

దివాను మీసాల పెరుగు తుడుచుకున్నాడు.

“పిల్ల ఉంటే ఎక్కు. కానీ నడిచేవాళ్ల వెనక, నడకంత మెల్లగా.”

కానీ దివాను పడ్డప్పుడే సైకిలు ముందు చక్రం విరిగింది. ఆ వానాకాలమంతా సింహాద్రి కూతుర్ని చంకనేసుకుని నడిచే తిరిగాడు.