బిందెడు నీళ్ళు

హకీం గఫూర్ సాబు దగ్గర ఏడేళ్ళు నాడి చూడటం నేర్చుకున్నాక దస్తగిరికి అది కాస్త తలకెక్కింది. చెయ్యి పట్టుకుంటే చాలు, మనిషి మొత్తం తెలిసిపోతాడని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ ఉదయం ఒక పెద్దాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి సారా తాగి కాలేయాన్ని పాడుచేసుకున్న మనిషి. కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. తాగుడు మానేసి ఏడాదైనా చెడింది చెడినట్టే ఉంది. మూడు నెలలుగా ప్రతి శుక్రవారం అతని నాడి చూస్తున్నది దస్తగిరే.

"ఈసారి పీర్ల పండక్కి పీరును ఎత్తుకుని ఊరంతా తిరగొచ్చా సాబూ?" అన్నాడు పెద్దాయన. "మా నాయన తర్వాత నేనే ఎత్తుకుంటాండా. ఇంట్లో ఎవురూ లేరు. ఆ పొద్దొక్కటే నలుగురూ నన్ను రమ్మని పిలిచేది."

దస్తగిరి నాడి పట్టుకున్నాడు. నిండుగా కొట్టుకుంటోంది.

"నీ జబ్బు కాలేయానిది. గుండె గట్టిదే. ఎత్తుకో," అన్నాడు ధీమాగా.

మందు నూరుతున్న హకీం లేచాడు. రెండు చిన్న బిందెల్లో నీళ్ళు నింపి ఇద్దరి ముందూ పెట్టాడు.

"పెరట్లో దానిమ్మ చెట్టుకు పోసి రాండి."

దస్తగిరి గబగబా పోసి వచ్చాడు. పెద్దాయన సగం దూరంలోనే బిందె దించి గోడకు చేరగిలబడ్డాడు. ఊపిరి అందటం లేదు, పెదాలు పాలిపోయాయి.

"ఇప్పుడు చూడు. ముందు నీది, తర్వాత ఆయనది," అన్నాడు హకీం.

దస్తగిరి నాడి పరుగెత్తుతోంది. పెద్దాయనది ఇందాకటి లాగే ఉంది. మనిషి అంత ఆయాసపడుతున్నా గుండె వేగం ఒక్క పిసరు పెరగలేదు.

"కూర్చున్న గుండెను చూసి చెప్పినావు బేటా. దానికి పని చెప్పి చూసినావా? పని పడితే నీ గుండె మాదిరి పరుగెత్తాల. కాలేయం అంత చెడితే గుండె ఒక్కటే బాగుంటాదా?"

దస్తగిరికి సిగ్గుతో తల వాలిపోయింది. తన మాట పట్టుకుని పీరును ఎత్తుకుని ఉంటే ఈయన ఊరేగింపు మధ్యలోనే కూలిపోయేవాడు.

ఊపిరి కుదుటపడ్డాక పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వద్దంటారు. అంతే కదా సాబూ," అన్నాడు. జవాబు కోసం ఆగకుండా మెల్లగా బయటికి నడిచాడు.

హకీం అతను వెళ్ళిన వైపే కాసేపు చూశాడు. తర్వాత రొట్టెల బుట్ట ముందుకు లాగి మూడు పళ్ళేలు పెట్టాడు.

"పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. పిలువు, మనతో తిని పోతాడు."

దస్తగిరి వాకిట్లోకి ఉరికాడు. పెద్దాయన గోడ పట్టుకుని పోతున్నాడు. ఎక్కువ దూరం పోలేదు, కేకేస్తే వినపడుతుంది.

దస్తగిరి నోరు తెరిచాడు. మూడు నెలలుగా పట్టుకున్న చెయ్యి. పేరేమిటో ఒక్కసారీ అడగలేదు.

చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే పరుగెత్తాడు.